మారలేదని చెప్పే ఉద్యోగం

మా తమ్ముడు ఓదెలు ఈమధ్య నన్ను ఒక మాట అడిగాడు. వాడు ఏళ్ల తరబడి బొగ్గు బాయిలో పనిచేస్తున్న మనిషి. నేను దక్షిణాదిలో ఒక కొలతల ప్రయోగశాలలో ఉద్యోగం ముగించుకుని గోదావరిఖనికి తిరిగొచ్చి, వాడి ఇంటి మేడ మీది రెండు గదుల్లో ఉంటున్నాను. వాడు కోపంతో అడగలేదు, ఎగతాళికీ అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు.

"మరి ఇన్నేండ్లు నువ్వు ఏం చేసినవ్ అక్కా?"

ఆ పూట నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. గడియారాల పనిలోకి, స్థిరాంకాల పనిలోకి రావాలనుకునే పిల్లలు కొందరు ఫోన్ చేసి ఇలాంటిదే మరో రకంగా అడుగుతుంటారు. వాళ్లకీ సరిగ్గా చెప్పలేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్లు, కమిటీలు, టూర్లు వదిలేస్తున్నాను. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు బుద్ధి చెప్పిన సంగతులు మాత్రం రాస్తాను. గర్వపడుతూ రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. వీటిలో చాలావాటిని తలచుకుంటే ఇప్పటికీ ముఖం దాచుకోబుద్ధవుతుంది.

మేం చేసే పని

ప్రకృతిలో కొన్ని సంఖ్యలున్నాయి. విద్యుత్తు ఎంత గట్టిగా లాగుతుంది, కేంద్రకంలోని కణాలు ఒకదాన్నొకటి ఎంత బలంగా పట్టుకుంటాయి, ఇలాంటివి. వీటిని స్థిరాంకాలంటాం. పుస్తకం చివరి పేజీలో పట్టిక వేసి పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. అవి నిజంగా స్థిరంగానే ఉన్నాయా అని మాత్రం బడిలో ఎవరూ అడగరు. మనం పుట్టకముందు ఎంతో, ఇవాళా అంతేనా? రేపూ అంతేనా? అనుకోవడం వేరు, చూడడం వేరు. ఆ చూసే పనే మాది.

ఎలా చూస్తామంటే, రెండు గడియారాలు కావాలి. గడియారమంటే క్రమం తప్పకుండా ఊగేది ఏదో ఒకటి ఉండాలి. మా గడియారాల్లో ఊగేది పరమాణువు లోపలి ఎలక్ట్రాను. ఒక జాతి పరమాణువు ఊగే తీరు విద్యుత్తు బలం మీద కొంచెం ఆధారపడితే, ఇంకో జాతిది మరికాస్త ఎక్కువ ఆధారపడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి నెలలు, ఏళ్లు చూస్తూ ఉండాలి. విద్యుత్తు బలం మారితే, ఇవాళ కలిసి నడిచిన రెండు గడియారాలు కొన్నాళ్లకు విడిపోతాయి. విడిపోకపోతే మారలేదని రాస్తాం. ఇంతవరకూ లోకంలో ఎవరు రాసినా అదే రాశారు.

వీటికంటే గొప్ప గడియారం కేంద్రకంతో చేయొచ్చని మా తరం ఆశ. పరమాణువు నడిమధ్య గింజలా ఉండేది కేంద్రకం. మామూలుగా దాన్ని వెలుగుతో కదిలించలేం, అంత బిగుతుగా ఉంటుంది. థోరియంలో ఒక్క అరుదైన రకం ఉంది. మన సముద్రపు ఇసుకలో దొరికేది కాదు, దాని తోబుట్టువు. దాని కేంద్రకం ఒక్కటే, సరైన రంగు వెలుగు తగిలితే మేలుకుంటుంది. అలా మేలుకోవడానికి కావలసిన శక్తి, పైన చెప్పిన రెండు మహా బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలిన చిన్న తేడా.

ఇది మా ఓదెలుకు లారీ కాటా లెక్కన చెప్పాను. ఒక నిండు లారీని తూచావు, దాని పక్కన ఇంకో నిండు లారీని తూచావు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలింది డ్రైవరు జేబులోని అగ్గిపెట్టె బరువంత అనుకో. ఏ లారీ బరువు పిసరంత మారినా అగ్గిపెట్టె లెక్క తలకిందులైపోతుంది. అందుకే కేంద్రక గడియారం ఉంటే స్థిరాంకాల్లో మామూలు గడియారాలకు అందని మార్పు కూడా బయటపడుతుంది.

"సమజైంది," అన్నాడు ఓదెలు. "అగ్గిపెట్టెను చూస్తె లారీ సంగతి తెలుస్తది."

ప్రయోగశాలకు శిక్షణకొచ్చే పిల్లల తరగతిలో కూడా నేను అంతకంటే బాగా చెప్పలేదు.

సుందరం సార్, గాలి

నేను చేరినప్పుడు మా విభాగానికి సుందరం గారు పెద్ద. తమిళుడు, తెలుగు నెమ్మదిగా మాట్లాడేవారు. ఆ రోజుల్లో థోరియం కేంద్రకం ఏ రంగు వెలుగుకు మేలుకుంటుందో ఒక అంచనా ఉండేది. ఆ కేంద్రకం తనంతట తాను నిద్రలోకి జారుకునేటప్పుడు అదే రంగు వెలుగు విడుస్తుందని, దాన్ని పట్టుకుంటే చాలని మా ప్రయత్నం. యురేనియం నమూనా ఒకటి సంపాదించాం. అది విరిగిపోతూ మాకు కావలసిన థోరియాన్ని పుట్టిస్తుంది. చీకటి పెట్టెలో పెట్టి, అతి సున్నితమైన వెలుగు మీటరు బిగించాం.

వెలుగు కనబడింది. మేం ఎక్కడ ఉంటుందనుకున్నామో సరిగ్గా అక్కడే.

ఆ సంబరం ఇప్పుడు చెప్పినా మీకు అర్థం కాదు. సార్ పెద్ద సభలో ప్రకటించారు. నేను మా కాలనీలో ఫోనున్న ఇంటికి ఫోన్ చేసి మా బాపును పిలిపించాను. మా బాపు మల్లయ్య బాయిలో బొగ్గు నింపే కార్మికుడు.

"బాపూ, పరమాణువు లోపటి గింజలకెల్లి వెలుగొచ్చింది. మేం పట్టుకున్నం."

"కండ్లతోటి చూసినవా బిడ్డా?"

"కంటికి కనవడది బాపూ. మిషన్ చూసింది."

"మిషన్ చూస్తె నువ్వు చూసినట్టే," అన్నాడు బాపు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

ఆయన బాయి మీద అందరికీ చెప్పాడు. షిఫ్టుకు దిగే ముందు హాజరు వేసుకునే గదిలో నిలబడి, నా బిడ్డ గింజలోంచి వెలుగు తీసిందని చెప్పాడట. 'వెలుగు మల్లన్న' అని పిలవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లు ఆయన దానికి మురిసిపోయాడు.

తర్వాత విదేశంలో ఒక బృందం అనుమానం వెలిబుచ్చింది. యురేనియం నుంచి వచ్చే కణాలు చుట్టూ ఉన్న గాలిని కొడతాయి, గాలిలోని నైట్రోజన్ వెలుగుతుంది, ఆ రంగు కూడా అక్కడే ఉంటుంది అని. సార్ వెంటనే పెట్టెలోని గాలంతా పంపుతో లాగేయించారు. మీటరు చూశాం. చీకటి. గాలి మళ్లీ వదిలాం, వెలుగు వచ్చింది. మేం పండగ చేసుకున్న వెలుగు గాలిది.

తర్వాతి సభలో సార్ వేదికెక్కి ఆ మాట తానే చెప్పారు. ముందు వరసలో నేను తల వంచుకుని కూర్చున్నాను. ఎవరో వెనక నుంచి నవ్వినట్టు అనిపించింది. బయటికొచ్చాక సార్ నా పక్కన నడుస్తూ అడిగారు.

"శారదా, నేను మాట్లాడుతున్నంతసేపూ నేల చూస్తున్నావ్. ఏం చెప్పానో విన్నావా?"

"లేదు సార్."

"అదే నష్టం. సిగ్గుతో ఉన్న మనిషికి చెవులు పనిచేయవు. గాలి తీసేసి చూడడం మొదటి రోజే చేయాల్సిన పని. వెలుగు రాగానే కేంద్రకానిదేనని మురిసిపోయాం తప్ప, ఇంకెక్కడి నుంచి వచ్చి ఉండొచ్చో వెతకలేదు. నేను చెప్పింది ఇదే."

పై అధికారుల గురించి ఉద్యోగంలో ఉండగా ఎవరూ నిజం చెప్పరు, నేనిప్పుడు చెప్పగలను. నేను పనిచేసిన వాళ్లలో తన తప్పు తానే లేచి చెప్పిన పెద్దమనిషి ఆయన ఒక్కరే. ఆ రోజు ఆయన్ని చూసి సిగ్గుపడ్డాను. ఆయన పక్కన నడవడానికి కూడా మొహమాటపడ్డాను. దాని గురించి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

సెలవు పెట్టి ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆయన డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నాడు.

"అంటే గాలే వెలిగిందా?"

"అవ్ బాపూ. గాలే."

"సరే తియ్," అన్నాడు.

ఆ షిఫ్టులోనే, అదే గదిలో నిలబడి, ఆ వెలుగు ఉత్త గాలిదట అని తోటివాళ్లకు ఆయనే చెప్పాడు. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరికి తెలిసేది? ఆ రోజు నుంచి ఆయన 'గాలి మల్లయ్య' అయ్యాడు. బాయిలో పేరు పడితే పోదు. మా ఓదెలు చిన్నవాడు అప్పుడు. బడిలో వాడు 'గాలి మల్లయ్య కొడుకు'. బాపు మాత్రం పోయేదాకా నా పని గురించి మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. నన్నూ అడగలేదు. ఇంటికొస్తే ఆరోగ్యం అడిగేవాడు, తిండి అడిగేవాడు. పని ఊసు రాగానే లేచి వాకిట్లోకి వెళ్లిపోయేవాడు.

సున్నాలు

ఆ తర్వాత మేం థోరియాన్ని పూర్తిగా వదల్లేదు కానీ నా రోజులు ఎక్కువగా మామూలు పరమాణు గడియారాలతోనే గడిచాయి. రెంటిని పోల్చడం, తేడా చూడడం, తేడా లేదని రాయడం. మళ్లీ పోల్చడం. బయటివాళ్లకు ఇది పనిలా కనబడదు. మా మరదలు స్వరూప ఒకసారి, "వదినా, మారలేదని తెలిసినంక మళ్లెందుకు చూసుడు?" అంది. ఎందుకంటే ఈసారి ఇంకాస్త సన్నగా చూశాం కనుక. మొదట గజం బద్దతో చూస్తే మారలేదు. తర్వాత వెంట్రుక మందంతో చూస్తే మారలేదు. మార్పు దాక్కోవడానికి చోటు తగ్గిస్తూ పోవడమే మేం చేసేది. దీనికి చప్పట్లుండవు. చప్పట్లు కావాలనుకునేవాళ్లు ఈ పనికి రావద్దు. ఈ మాట నేను మెత్తగా చెప్పను.

ఒక ఏడు మాత్రం రెండు గడియారాలు విడిపోతున్నట్టు కనబడింది. అప్పుడు నా దగ్గర అనుపమ అనే అమ్మాయి పనిచేసేది. తెలివైన పిల్ల. గ్రాఫు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "మేడం, జరుగుతోంది!" అంది. అప్పటి మా పై అధికారి విలేకరులను పిలుద్దామన్నాడు. ఆయనకు మార్పు కావాలి, అది ఎక్కడిదైనా సరే. నేను గాలి సంగతి చెప్పి ఆపాను. తలుపులు, పంపులు, అయస్కాంతాలు, తీగలు అన్నీ విప్పి చూశాం. కొన్ని నెలలకు దొరికింది. గది గోడలు ఎండాకాలంలో కొంచెం ఎక్కువ వేడెక్కుతున్నాయి, ఆ వేడి పరమాణువుల ఊపును తాకుతోంది. గోడల వేడిని సరిచేసి లెక్క వేస్తే తేడా లేదు. అనుపమ ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఇంకెక్కడి నుంచి రావచ్చో మొదటి రోజే వెతకాలని, సుందరం సార్ నాకు చెప్పిన మాటే చెప్పాను. కాస్త దయగా చెప్పి ఉండాల్సింది.

ఇంకో సంగతి. మేం సర్వీసులో ఉండగానే వేరే దేశంలో ఒక బృందం థోరియం కేంద్రకం శక్తిని మరో దారిలో కొలిచింది. మేమంతా నమ్మిన అంచనా తప్పు. అసలు శక్తి దానికి రెట్టింపు పైమాటే, అంటే వెలుగు రంగే వేరు. ఆ రంగు వెలుగు గాలిలో కాస్త దూరం కూడా పోజాలదు. మా పెట్టెకు బిగించిన గాజు కిటికీ దాన్ని మింగేస్తుంది. అంటే మేం ఎంత ఓపికగా, ఎంత నిజాయతీగా ఎన్నేళ్లు కాపలా కాసినా మా మీటరుకు అది కనబడేదే కాదు. ఈ వార్త చదివిన రోజు నేను క్యాంటీన్లో అందరితో కలిసి మామూలుగా అన్నం తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు.

వార్త

నేను రిటైరై ఖనికి వచ్చాక, బయటి దేశాల్లో థోరియం కేంద్రకాన్ని లేజరుతో మేల్కొలిపారు. తర్వాత దాని ఊపును పరమాణు గడియారంతో పోల్చారు కూడా. కేంద్రక గడియారం ఇంకా పూర్తిగా తయారు కాలేదు కానీ తలుపు తెరుచుకుంది. అనుపమే ఫోన్ చేసింది.

"మేడం, చూశారా? దొరికింది! మనం బతికుండగా దొరికింది!"

"చూశాను. కొంచెం ఒంట్లో బాగోలేదమ్మా, తర్వాత మాట్లాడతాను," అని పెట్టేశాను.

ఒంట్లో బాగానే ఉంది. గదిలో కూర్చుని ఏడ్చాను. సంతోషంతో కాదు. నా జీవితమంతా చూడాలనుకున్నది ఎవరో చూశారు, నేను చూడలేదు, అంతే. స్థిరాంకాల సంగతి తేలడానికి ఇంత పెద్ద దారి దొరికినప్పుడు, ఆ పని చేసిన మనిషికి ముందు కలగాల్సింది సంతోషం. నాకు ముందు అసూయ కలిగింది. సంతోషం వచ్చింది, చాలా ఆలస్యంగా వచ్చింది. మీలో ఎవరికైనా ఇలా జరిగితే, మీరొక్కరే చెడ్డవాళ్లని అనుకోకండి. ఫోన్ చేసినవాళ్లకు మాత్రం అబద్ధం చెప్పకండి.

సన్మానం

ఓదెలు ఫోన్లో ఆ వార్త తెలుగులో చదివాడు. అందులో థోరియం అనే మాట చూశాడు. వాడికి తెలిసిందల్లా అక్క థోరియం మీద పనిచేసిందని. ఇంకేముంది, షిఫ్టులో చెప్పాడు. అక్కణ్నుంచి కనకయ్య చెవిన పడింది. కనకయ్య నాతోపాటు కాలనీ బడిలో చదివినవాడు, ఇప్పుడు ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ నడుపుతున్నాడు. వారం తిరక్కుండా చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ లేచింది. దాని మీద నా ముఖం. కింద: 'ప్రపంచంలో తొలి అణు గడియారం కనిపెట్టిన మన ఖని ఆడబిడ్డ డాక్టర్ శారద గారికి ఘన సన్మానం'. ఓ మూలన కాలేజీ అడ్మిషన్ల ఫోన్ నంబరు.

కూరగాయలకు వెళ్లి అది చూసి, ఖాళీ సంచితో ఇంటికొచ్చాను.

"ఏందిర ఓదెలూ అది? ఎవలు పెట్టమన్నరు?"

"మన కనకన్న పెట్టించిండు. మంచిగ లేదా అక్కా?"

"అది నేను కనిపెట్టలేదురా. వేరే దేశపోళ్లు కనిపెట్టిండ్రు."

"గట్లనా?" అన్నాడు. అప్పుడే అడిగాడు, మొదట్లో నేను రాసిన ఆ ప్రశ్న. నేను ఏదో గొణిగాను. స్వరూప వంటింట్లోంచి వింటోంది.

కనకయ్యకు ఫోన్ చేశాను. "శారదా, గిప్పుడు వద్దంటె ఎట్ల? కార్డులు పంచినం, మనుషులను పిలిచినం. నువ్వు ఆ పని మీదనే ఉంటివి కదా. పిల్లలకు హుషారొస్తది. జర వచ్చి కూసో, గంతే," అన్నాడు. వేదిక మీద నిజం చెప్పేస్తానన్నాను. "చెప్పు చెప్పు, నీ ఇష్టం," అన్నాడు నవ్వుతూ.

కాలేజీ హాలు నిండిపోయింది. పిల్లలు, రిటైరైన కార్మికులు, బసంత్‌నగర్ నుంచి మా చుట్టాలు. ముందు వరసలో ఓదెలు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో. నాకు మైకు ఇచ్చారు. నేను లేచి ఇలా అన్నాను:

"ఈ ఆవిష్కరణ నా వ్యక్తిగత ఘనత కాదు. ప్రపంచవ్యాప్తంగా అనేక బృందాలు దశాబ్దాలుగా చేసిన కృషి ఫలితం. అందులో నా పాత్ర నామమాత్రం."

కనకయ్య వెంటనే మైకు అందుకున్నాడు. "చూసిండ్రా పిల్లలూ! ఇంత చేసి కూడ, నేనేం చెయ్యలేదంటున్నరు మేడం. గిది వినయం!" హాలంతా చప్పట్లు. శాలువా కప్పారు. దండ వేశారు. నేను మళ్లీ మైకు అడగలేదు. ఫోటోలు తీశారు, నిలబడ్డాను.

నేను అబద్ధమాడలేదు. కానీ ఎవరైనా వినయమనుకునే మాటల్ని ఏరుకుని చెప్పాను. నలభై మంది విద్యార్థుల ముందు ఏళ్ల తరబడి నిలబడిన దాన్ని, అర్థమయ్యేలా చెప్పడం రాక కాదు. మెడలో దండ పడ్డాక చూస్తే ఓదెలు కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఇంటి దగ్గర

ఆటోలో వస్తుంటే ఓదెలు, "గట్ల తగ్గి మాట్లాడుడు మంచిగున్నది అక్కా," అన్నాడు.

ఇంటికి రాగానే శాలువా మడిచి మంచం మీద పెట్టి, వాడిని కూర్చోబెట్టాను. స్వరూప కూడా వచ్చి గడప దగ్గర నిలబడింది. ఈసారి మామూలు మాటల్లో చెప్పాను. మేం వెతికినం. మేం వెతికిన రంగే తప్పు. మాకు దొరకలే. వేరేటోళ్లకు దొరికింది. ఆ గడియారంల నా చెయ్యి లేదు.

వాడి ముఖంలో రంగు మారిపోవడం చూశాను.

"కొంచెం గూడ లేదా?"

"లేదురా."

"మరి నేను షిఫ్టంత చెప్పుకున్న కదా అక్కా." మంచం మీది శాలువాను చూశాడు. "నన్ను చిన్నప్పుడు బడిల ఏమని పిలిచేటోళ్లో నీకు ఎరికేనా?"

ఎరికే. స్వరూప, "ఇగ ఊకోండ్రి," అని వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు లేచి వెళ్లిపోయాడు.

చాలా రోజులు వాడు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. డ్యూటీకి పోయేవాడు, వచ్చేవాడు. షిఫ్టులో అందరూ 'మీ అక్క' అంటూ అడుగుతుంటే తల ఊపి వచ్చేస్తున్నాడని స్వరూప చెప్పింది. నేను కనకయ్యకు రెండుసార్లు ఫోన్ చేశాను. అడ్మిషన్లు అయ్యేదాకా ఫ్లెక్సీ ఉండనీయమన్నాడు. నేను ఆ చౌరస్తా మీదుగా పోవడం మానేశాను. కూరగాయలకు సందుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఇంత చదివిన మనిషిని, నా ముఖాన్ని చూడలేక సందులు పట్టాను.

ఒక ఆదివారం పొద్దున ఓదెలు మేడ మీదికొచ్చాడు.

"అక్కా, నడువు. పోదాం."

"ఎక్కడికిరా?"

"ఆ ఫ్లెక్సీ తీసేద్దాం. కనకన్నకు చెప్పిన. లొల్లి పెట్టిండు గని, ఆఖరుకు తీసుకపో అన్నడు."

"నేనెందుకు? నువ్వు తీసుకురా."

"నువ్వు రావాలె," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. డ్యూటీకి రమ్మన్నట్టు మామూలుగా చెప్పాడు.

చౌరస్తా

ఆటోలో కూర్చునే ఉన్నాను. దిగలేదు. ఆదివారం కాబట్టి చౌరస్తా కిటకిటలాడుతోంది. ఓదెలు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఒక వైపు తాడు విప్పగానే ఫ్లెక్సీ సగం కిందికి జారి, నా ముఖం మడతపడి వేలాడింది. జనం ఆగి చూడసాగారు. మూలమీది చాయ్ హోటల్ సలీం భాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే బయటికొచ్చాడు.

"క్యా ఓదెలన్నా, అక్క ఫోటో ఎందుకు తీస్తున్నవ్? ఏమన్న అయిందా?"

అందరూ తల పైకెత్తి చూస్తున్నారు. నిచ్చెన మీద నుంచే ఓదెలు చెప్పాడు, బాయిలో మిషను చప్పుడు మీద వినబడేలా మాట్లాడడం అలవాటైన గొంతుతో.

"ఏం కాలే భాయ్. ఆ గడియారం మా అక్క కనిపెట్టలే. వేరేటోళ్లు కనిపెట్టిండ్రు. నేనే సమజ్ కాక అందరికి తప్పు చెప్పిన. మా అక్క ఉద్యోగమంత దానికోసమే వెతికింది. దొరకలే."

నేను ఆటోలో ఒదిగిపోయాను. నా జీవితం గురించి అంత సూటి మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. సుందరం సార్ అనలేదు, నా రిటైర్మెంటు సభలో ఎవరూ అనలేదు, ఆ హాల్లో మైకు చేతిలో ఉండి నేనూ అనలేదు. తప్పు తన మీద వేసుకున్నాడు కూడా. అందులో వాడి తప్పు ఎంత? ఆటో డ్రైవరు అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు, ఫ్లెక్సీని చూస్తున్నాడు, మళ్లీ నన్ను చూస్తున్నాడు.

"అక్కా," అని పిలిచాడు ఓదెలు. "గా కొస జర పట్టుకో. దుమ్ముల పడుతది."

దిగాను. జనం దారి ఇచ్చారు. కింది కొస పట్టుకుని నిలబడ్డాను. ఫ్లెక్సీ మీది నన్నూ, కింద నన్నూ పోల్చి చూస్తున్నారు. ఓ నడివయసు మనిషి, నైట్ షిఫ్టు చేసి వచ్చినట్టున్నాడు, ముఖం మీద ఇంకా మసి ఉంది, నిజమైన ఆసక్తితో అడిగాడు:

"అక్కా, దొరకకున్నా గూడ జీతం ఇచ్చిండ్రా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఓదెలు నిచ్చెన మీద ఆగిపోయి నా వైపు చూశాడు. ఆ మనిషి ఎగతాళి చేయడం లేదు, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఇచ్చిండ్రు," అన్నాను. "ప్రతి నెల ఇచ్చిండ్రు."

"మంచి కంపెనీ," అన్నాడు ఆయన.

ఈసారి నవ్వింది ఓదెలు. సన్మానం తర్వాత వాడు నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే రెండో తాడు విప్పాడు. ఫ్లెక్సీ మొత్తం బరువు ఒక్కసారిగా నా చేతుల మీద పడింది. సలీం భాయ్ గ్లాసు కింద పెట్టి వచ్చి అవతలి కొస పట్టుకున్నాడు.